రశీదు లేని మాట చెల్లదు



వానాకాలం వస్తే ఊళ్ళో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. దోమలు పెరుగుతాయి. ఇంటింటా జ్వరాలు మొదలవుతాయి.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. ఆ ఇంట్లో పదేళ్ళ పిల్లకి మూడు రోజులుగా జ్వరం. తల పగిలిపోయే నొప్పి. కళ్ళ వెనక నొప్పి. ఒళ్ళంతా నొప్పులు. పలకరించడానికి ఇరుగుపొరుగు వచ్చారు.

"ఇది డెంగీయే వదినా! బొప్పాయి ఆకు దంచి రసం పొయ్యి. మా మరిదికి దాంతోనే తగ్గింది" అంది పక్కింటి కోడలు.

"అదంతా ఎందుకే? కొట్లో నొప్పుల బిళ్ళ తెచ్చి వెయ్యి. పొద్దుటికి లేచి కూర్చుంటుంది" అంది ఎదురింటి పెద్దమ్మ.

"సెల్లులో ఎవరో పంపారు పిన్నీ! ఇదిగో, ఈ మందు వాడితే ఒక్క రోజులో పోతుందట" అన్నాడు వీధి చివరి కుర్రాడు.

ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. కానీ తల్లి ఎవరి మాట వినాలి? ఆ మాటల్లో ఒకటి పిల్లకి ప్రమాదం కూడా. అది ఏదో తర్వాత చూద్దాం.

ఎవరి మాట నమ్మాలి? ఈ ప్రశ్న ఒక్క తల్లిది కాదు. ప్రపంచంలో కోట్ల మంది తల్లులది. దీనికి జవాబు వెతకడానికి కొంతమంది చేతులు కలిపారు. వాళ్ళ సంగతే ఈ రోజు చెప్పుకుందాం.

'విజ్ఞాన సర్వస్వం' అనే మాట మీరు వినే ఉంటారు. అన్ని విషయాలూ ఒకచోట రాసి పెట్టిన పెద్ద పుస్తకం అది. పూర్వం దాన్ని పండితులు రాసేవాళ్ళు. కొనాలంటే బోలెడు డబ్బు కావాలి. 2001లో ఒక కొత్త రకం విజ్ఞాన సర్వస్వం పుట్టింది. దాని పేరు వికీపీడియా. ఇది కాగితం మీద ఉండదు. కంప్యూటర్లో, సెల్‌ఫోన్లో ఉంటుంది. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో ప్రకటనలు ఉండవు. చందాల మీద నడుస్తుంది. ఇప్పుడు 300కు పైగా భాషల్లో ఉంది. మన తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది.

దీన్ని రాసేది ఎవరు? మనలాంటి మామూలు మనుషులే. టీచర్లు, విద్యార్థులు, డాక్టర్లు, గుమాస్తాలు, ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్ళు. ఎవరికీ జీతం లేదు. ఎవరైనా రాయవచ్చు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు.

"అయ్యో! ఎవరైనా రాయవచ్చంటే తప్పులు రాయరా?" అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. తప్పులు రాస్తారు. కొందరు తెలియక రాస్తారు. కొందరు తమ మందు అమ్ముకోవడానికి కావాలనే రాస్తారు. సినిమా గురించి తప్పు రాస్తే పెద్ద నష్టం లేదు. మందు గురించి తప్పు రాస్తే ప్రాణం పోతుంది.

అందుకే జబ్బుల గురించి రాసిన పేజీలను చూసుకోవడానికి 2004లో ఒక జట్టు ఏర్పడింది. దీన్ని మొదలుపెట్టినవాడు జేకబ్ డి వోల్ఫ్ అనే డాక్టరు. తర్వాత చాలా దేశాల వాళ్ళు వచ్చి చేరారు. వాళ్ళలో జేమ్స్ హైల్మన్ ఒకరు. కెనడా దేశంలో ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే డాక్టరు ఆయన. 2008లో ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాడు. ఆ రాత్రి రోగులు పెద్దగా రాలేదు. ఊరికే కూర్చోలేక వికీపీడియాలో ఊబకాయం గురించి ఉన్న పేజీ తెరిచి చూశాడు. నిండా తప్పులే! దిద్దే వీలు తన చేతిలోనే ఉందని తెలుసుకున్నాడు. దిద్దడం మొదలుపెట్టాడు. ఆ పని ఒక్క రాత్రితో ఆగలేదు. ఏళ్ళ తరబడి సాగింది.

ఈ జట్టు పని ఎట్లా చేస్తుంది? మీకు సులభంగా అర్థమవుతుంది. ఎందుకంటే మీ పొదుపు సంఘం నడిచేదీ అట్లాగే.

సంఘంలో డబ్బు ఖర్చు పెడితే పద్దు రాస్తారు. "దీనికి రశీదు ఏదమ్మా?" అని అడుగుతారు. రశీదు లేకపోతే ఆ పద్దు చెల్లదు. లీడరు రాసినా చెల్లదు. ఇక్కడా అంతే. ఏ మాట రాసినా, ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చారో పక్కన చూపించాలి. అదే దాని రశీదు.

ఆ రశీదు కూడా ఏదో ఒకటి అయితే కుదరదు. మందుల కంపెనీ ప్రకటన పనికిరాదు. పేపర్లో వచ్చిన చిన్న వార్త చాలదు. "మా మరిదికి తగ్గింది" అంటే అసలే చాలదు. ఎందుకు చాలదు? డెంగీ వచ్చిన వాళ్ళలో ఎక్కువ మందికి విశ్రాంతి తీసుకుని, బాగా నీళ్ళు తాగితే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మరిదికి ఆకు రసంతో తగ్గిందో, దానంతట అదే తగ్గిందో ఎట్లా తెలుస్తుంది? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. మందు పనిచేసిందో లేదో ఒక్క మనిషిని చూస్తే తెలియదు. ఎంతోమంది మీద పరీక్ష చేయాలి. అట్లాంటి పరీక్షలు చాలా జరగాలి. వాటన్నిటినీ కలిపి తూచి చూడాలి. అట్లా తూచి రాసిన పుస్తకాలూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటివి చెప్పిన మాటలూ మంచి రశీదులు.

సంఘంలో ఇంకో పద్ధతి ఉంది. పద్దుల పుస్తకం ఎవరు అడిగినా చూపిస్తారు. తప్పు పడితే కొట్టివేసి పక్కన రాస్తారు గానీ పేజీ చింపరు. వికీపీడియాలోనూ పాత రాతలు దాచి ఉంచుతారు. ఏ రోజున, ఏ పేరుతో, ఏ మాట మార్చారో ఎవరైనా చూడవచ్చు. ఎవరైనా పాడు చేస్తే, వేరొకరు చూసి వెనక్కి మార్చేస్తారు. మాట తేడా వస్తే దాని కోసం పక్కనే ఒక చర్చా పేజీ ఉంటుంది. అక్కడ వాదించుకుంటారు. డాక్టరు మాట కదా అని ఊరికే ఒప్పుకోరు. ఆయన్నీ రశీదు అడుగుతారు.

ఇట్లా నలుగురూ కలిసి దిద్దిన పేజీల్లో డెంగీ పేజీ ఒకటి. దాన్ని కెనడాలోని ఒక వైద్య పత్రికకు పంపారు. ఆ పత్రిక వేరే నిపుణులకు చూపించింది. వాళ్ళు తప్పొప్పులు చెప్పారు. దిద్దాక, 2014 అక్టోబరులో ఆ పత్రిక దాన్ని ప్రచురించింది. అందరూ కలిసి రాసిన విషయం డాక్టర్లు చదివే పత్రికకు ఎక్కింది.

అయినా తప్పులే లేవని ఎవరూ అనుకోకూడదు. అదే 2014లో అమెరికాలో కొందరు డాక్టర్లు వికీపీడియాలోని పది జబ్బుల పేజీలను పరీక్షించారు. తొమ్మిదింటిలో వైద్య పత్రికలతో పొసగని మాటలు ఉన్నాయన్నారు. వాళ్ళు పరీక్షించిన పద్ధతి సరిగా లేదని మరికొందరన్నారు. వాదన ఎట్లా ఉన్నా, పని మాత్రం ఎప్పటికీ పూర్తి కాదు. ఇల్లు ఊడ్చిన్నట్టే. ఈ రోజు ఊడ్చామని రేపు మానెయ్యలేం.

ఆ 2014లోనే పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా అనే భయంకరమైన జబ్బు వ్యాపించింది. గినియా, లైబీరియా, సియెరా లియోన్ దేశాల్లో 11 వేల మందికి పైగా చనిపోయారు. జబ్బు కంటే వేగంగా పుకార్లు పాకాయి. అప్పుడు ఈ జట్టు ఎబోలా పేజీని కనిపెట్టుకుని కూర్చుంది. విషయాన్ని తేలిక మాటల్లో రాసింది. అనువాదం చేసేవాళ్ళు దాన్ని అనేక భాషల్లోకి మార్చారు. వాళ్ళు కూడా జీతం తీసుకోలేదు.

2020లో కరోనా వచ్చింది. అప్పటి పుకార్లు మీకు గుర్తుండే ఉంటాయి. కేరళలో పుట్టిన డాక్టరమ్మ నేతా హుస్సేన్ ఆ రోజుల్లో కరోనా గురించి వికీపీడియాలో రాసింది. టీకాల మీద ఉన్న అపోహలు పోగొట్టడానికి పనిచేసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వికీపీడియాను నడిపే సంస్థతో చేయి కలిపింది. తన బొమ్మలూ, వీడియోలూ అందులో పెట్టుకోవడానికి ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ జ్వరం పిల్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. ముగ్గురి మాటలకూ రశీదు అడుగుదాం.

ఆకు రసం సంగతి: దాని మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. అది ప్రాణం కాపాడుతుందని గట్టి రుజువు ఇంకా దొరకలేదు. రసాన్ని నమ్ముకుని ఆస్పత్రి మానడమే అసలు ప్రమాదం.

నొప్పుల బిళ్ళ సంగతి: ఇదే ఆ ప్రమాదమైన మాట. డెంగీలో ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి బిళ్ళలు వేయకూడదు. నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. జ్వరానికి పారాసెటమాల్ వాడతారు. అది కూడా ఎంత వేయాలో డాక్టరునో, నర్సమ్మనో అడిగి వేయాలి.

సెల్లులో వచ్చిన మందు సంగతి: ఎవరు రాశారో తెలియదు. ఎక్కడి నుంచి తెచ్చారో తెలియదు. రశీదే లేదు. డెంగీని ఒక్క రోజులో పోగొట్టే మందు ఇంతవరకు లేదు.

మరి రశీదు ఉన్న మాటలు ఏవి? మంచినీళ్ళు, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి. పిల్లను ఆస్పత్రిలో చూపించి నెత్తురు పరీక్ష చేయించాలి. ఇంకో ముఖ్యమైన మాట. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోకూడదు. డెంగీలో జ్వరం తగ్గే వేళే గండం. విపరీతమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచీ ముక్కు నుంచీ నెత్తురు, మత్తుగా పడి ఉండటం, స్థిమితం లేకపోవడం - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఒక సంగతి మరవకండి. వికీపీడియా డాక్టరు కాదు. ఆ మాట వాళ్ళే రాసి పెట్టారు. అది విషయం చెబుతుంది. పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. విషయం తెలిస్తే డాక్టరును ఏం అడగాలో తెలుస్తుంది. అంతే.

"మేం నిన్న మొన్న చదువు నేర్చుకున్నాం. ఇందులో మాకేం పని?" అని మీరు అనవచ్చు. మీకు పని ఉంది.

మొదటి పని అడగడం. ఎవరు ఏ మందు చెప్పినా, "ఈ మాట ఎక్కడిది? ఎవరు చెప్పారు?" అని అడగండి. సెల్లులో వచ్చింది ఇంకొకరికి పంపే ముందు అడగండి.

రెండో పని చదవడం. ఇంట్లో పిల్లల చేత సెల్‌ఫోన్లో తెలుగు వికీపీడియా తెరిపించండి. డెంగీ పేజీ మెల్లగా కూడబలుక్కుని చదవండి. అర్థం కాని మాట ఉంటే గుర్తు పెట్టండి. 'రక్తస్రావం' అని రాస్తే తెలియకపోవచ్చు. 'నెత్తురు కారడం' అంటే వెంటనే తెలుస్తుంది. తల్లికి అర్థం కాని వైద్యం మాట ఎంత నిజమైనా ఏం లాభం? అది మార్చమని చెప్పే హక్కు మీకుంది. పిల్లల చేత ఆ పేజీ చర్చలో రాయించండి. రేపు మీరే రాయవచ్చు. అక్కడ రాసేవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ. కాన్పు, బాలింత, పసిపిల్లల సంగతులు ఆడవాళ్ళు చూసి దిద్దితే ఇంకా బాగుపడతాయి.

మూడో పని చేయడం. డెంగీ దోమ ఒంటి మీద తెల్ల చారలు ఉంటాయి. పగటిపూట కుడుతుంది. మురుగులో కాదు, మనం పట్టి పెట్టుకున్న నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. నీళ్ళు ఒలికించినా గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. అందుకని వారానికి ఒకసారి, శుక్రవారం అనుకుంటే శుక్రవారం, తొట్లూ డ్రమ్ములూ వంచి, గోడలు రుద్ది కడిగి, ఎండబెట్టండి. మళ్ళీ నీళ్ళు పట్టాక మూత పెట్టండి. కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో నీళ్ళు నిలవనీయకండి.

అక్కలారా! పొదుపు సంఘంలో పది రూపాయలకు రశీదు అడిగే మీరు, పిల్ల ప్రాణం దగ్గర అడగకుండా ఉంటారా? అడగండి. చదివి చూడండి. తెలిసింది పక్కింటికి కూడా చెప్పండి. చెప్పేటప్పుడు అది ఎక్కడి మాటో కూడా చెప్పండి.