సిమెంటు కలిపిన మొరం – తడి ఆరే తీరు



2016లో జిల్లాలు విడిపోయినా, మనకు నల్లగొండ, మహబూబ్‌నగర్ అంటే పాత జిల్లాలే. ఎర్ర చెల్కల కింద మొరం దొరుకుతుంది. వాడపల్లి, మట్టపల్లి వైపు సున్నపురాయి ఉంది కనుక సిమెంటు కూడా దగ్గరే. కరువల్లా నీటికే. అందుకే మొరంలో సిమెంటు కలిపి వేసిన పొరలో తడి ఎట్లా పోతుందో నాలుగు మాటలు మనవి చేస్తాను.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గట్టిపడేది నీటితో కలిసి. వంద కిలోల మొరంలో నాలుగు కిలోల సిమెంటు కలిపితే, దానికి పట్టే నీరు దాదాపు ఒక కిలో. రోలింగు కోసం మనం అంతకు ఎన్నో రెట్లు పోస్తాం. అయినా సందుల్లో తడి నిలిచి ఉన్నంతవరకే ఆ పని సాగుతుంది, ఆరితే ఆగిపోతుంది.

ఆరడం రెండు దశల్లో జరుగుతుంది. పైభాగం తడిగా ఉన్నంతసేపు ఎండ, గాలి ఎంత లాగితే అంత నీరు పోతుంది. రంగు తేలిన తర్వాత లోపలి నీరు సన్నని రంధ్రాల గుండా ఆవిరిగా రావాలి కనుక వేగం తగ్గుతుంది. అయితే అప్పటికే పైపొర బలం పట్టక పొడిగా రాలుతుంది. రంధ్రాల్లో మిగిలిన నీరు వాటి గోడలను దగ్గరికి లాగుతుంది. పొర కుంచించుకుంటుంది, కింది నేల కదలనివ్వదు, అడ్డంగా పగుళ్ళు పడతాయి. బంకమట్టి ఎక్కువైతే పగుళ్ళూ ఎక్కువే.

కనుక నీళ్ళు కలిపిన రెండు గంటల్లో రోలింగు ముగించాలి. ఏడు రోజులు తడి నిలపాలి. తడి గోనెపట్టాలు గాని, తారు ఎమల్షను పూత గాని వేస్తే ట్యాంకరు నీళ్ళు ఆదా అవుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో, మళ్ళీ 2018లో ఇచ్చిన సూచనల్లో పగుళ్ళు తారుపొరకు ఎక్కకుండా మధ్యలో 100 మి.మీ. కంకర పొర వేసే పద్ధతి కూడా ఉంది.

ఎండాకాలంలో బిందెలతో నిలబడ్డ ఊరి ముందునుంచి క్యూరింగు ట్యాంకరును తీసుకుపోవడం ఎంత కష్టమో ఫీల్డులో పనిచేసినవారికి తెలుసు. ఆ నీటిలో ఒక్క బిందె మిగిల్చినా పుణ్యమే. ఎం.బుక్కులో పొర మందం ఎక్కుతుంది. ఏడోరోజు సాయంత్రం గోనెపట్టా తడిపిన గ్యాంగు మజ్దూరు పేరు ఎక్కదు. రోడ్డు నిలిచేది మాత్రం అతని చేతి తడితోనే. ఇంజనీర్లయిన మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

సెలవు.