పిట్టగోడ లేని మిద్దె
(నాట్రంపల్లి యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం బైబిలు తెరిచే ముందు ఒక అగ్గిపెట్టె తెరుద్దాం. మనకు దగ్గరలో ఉన్న గుడియాత్తంలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన వస్తువు ఇది. పుల్ల తలమీద పొటాషియం క్లోరేటు ఉంటుంది. మంటకు కావలసిన ఆక్సిజన్ అదే ఇస్తుంది. ఎర్ర భాస్వరం మాత్రం పుల్లమీద ఉండదు, పెట్టె పక్కనున్న గరుకు పట్టీమీద ఉంటుంది. ఈ రెండూ ఒకచోట కలిస్తే చిన్న రాపిడికే పేలుతాయి. విడదీసి ఉంచారు కాబట్టి చొక్కా జేబులో వేసుకుని ధైర్యంగా తిరుగుతున్నాం. దానికి సేఫ్టీ అగ్గిపెట్టె అని పేరు వచ్చింది అందుకే.

ఈరోజు మేము చెప్పదలచింది రెండే మాటలు. కలిస్తే ప్రాణం తీసేవాటిని ఎడంగా ఉంచాలి. ఆ ఎడం ఉంచవలసిన బాధ్యత ఎవరిదో తెలుసుకోవాలి.

మీలో కొందరు వేలూరు, తిరుపత్తూరు కళాశాలల్లో కెమిస్ట్రీ చదువుతున్నారు. ఇంకొందరు ఆంబూరు, వాణియంబాడి వైపు బూట్ల పనికి వెళ్తున్నారు. ల్యాబులో సీసామీద హెక్సేన్, టోలీన్, ఎసిటోన్ అని రాసి ఉంటుంది. పనిచోట డబ్బాను "సొల్యూషన్" అంటారు, "థిన్నర్" అంటారు. పేరు మారినా లోపల ఉన్నది తరచుగా ఆ జాతి ద్రవమే.

వీటిగురించి మొదట తెలుసుకోవలసింది, మండేది ద్రవం కాదు, దానిమీద లేచే ఆవిరి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి ఏ వేడిలో లేస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. కిరోసిన్‌కు అది సుమారు 38 డిగ్రీలు, ఆపైన. హెక్సేన్‌కు సున్నాకు దిగువన 22 డిగ్రీలు. ఎసిటోన్‌కు సున్నాకు దిగువన 20. టోలీన్‌కు 4. అంటే మన ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఇవి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. కిరోసిన్ స్టవ్వుతో మన అమ్మలకు అలవాటైన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఇంకో సంగతి. ఈ ఆవిరి గాలికంటే బరువు. ఎసిటోన్ ఆవిరి రెండింతలు, హెక్సేన్ ఆవిరి మూడింతలు బరువు ఉంటుంది. అది పైకి పోదు. నేలమీద పాకుతూ తలుపు కిందనుంచి పక్కగదికి వెళ్తుంది. అక్కడ స్విచ్ వేసినా, స్టవ్ వెలిగించినా మంట వచ్చిన దారినే డబ్బా దగ్గరకు పరుగెత్తుతుంది. గాలిలో హెక్సేన్ ఆవిరి నూటికి ఒక పాలు దాటితే చాలు, నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

మేము ప్లస్ టూ చదివే రోజుల్లో ల్యాబులో స్పిరిట్ ల్యాంపు మంట చిన్నదైంది. ఒక మిత్రుడు దాన్ని ఆర్పకుండానే సీసాతో స్పిరిట్ పోయబోయాడు. మంట సీసాలోకి ఎక్కింది, అతని చెయ్యి కాలింది. 2014 సెప్టెంబరులో అమెరికాలోని డెన్వర్‌లో ఒక తరగతి గదిలో జరిగిందీ ఇలాంటిదే. పిల్లలకు చూపడానికి మిథనాల్‌తో ప్రయోగం చేస్తుండగా సీసాలోంచి మంట దూసుకొచ్చి విద్యార్థులు గాయపడ్డారు. సంపన్న దేశమైనా పేద దేశమైనా ఆవిరికి ఒకటే స్వభావం.

ఇక మన తెలుగు నేలమీద జరిగింది చెప్పుకుందాం. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా మందుల కర్మాగారంలో ఎంటీబీఈ అనే ద్రావణి కారింది. అది కూడా ల్యాబుల్లో వాడే ఈథర్ జాతి ద్రవమే, 55 డిగ్రీలకే మరుగుతుంది. కారిన ద్రవం కింది అంతస్తులోని విద్యుత్ ప్యానెల్ దాకా చేరిందని, ఆవిరి కమ్ముకుని పేలిందని ప్రాథమిక విచారణలో వచ్చింది. 17 మంది చనిపోయారు. ఎక్కువమంది మీలాగే చదువుకుని ఉద్యోగంలో చేరినవాళ్లు. ఒకవైపు ఆవిరి, ఒకవైపు కరెంటు. వాటి మధ్య ఉండవలసిన ఎడం లేకపోయింది.

చప్పుడు లేకుండా వచ్చే ప్రమాదం కూడా ఉంది. చైనాలోని సుఝౌలో ఆపిల్ ఫోన్ల తెరలు తయారుచేసే ఒక కర్మాగారంలో, తెరలు తుడవడానికి ఆల్కహాల్ బదులు హెక్సేన్ వాడారు. త్వరగా ఆరిపోతుంది, పని త్వరగా సాగుతుంది. 137 మంది కార్మికులకు ఆరోగ్యం దెబ్బతిన్నదని 2011లో ఆపిల్ తన నివేదికలోనే ఒప్పుకుంది. హెక్సేన్ ఒంట్లోకి వెళ్లి నరాలను తినే పదార్థంగా మారుతుంది. ముందు వేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడక తడబడుతుంది. చెల్లెళ్లారా, పేస్టింగ్ పనిలో ఉన్నవాళ్లకు సాయంత్రం తలనొప్పి, కాళ్ల తిమ్మిరి వస్తుంటే అలసట అని వదిలేయకండి. డాక్టరు దగ్గర మీరు వాడే రసాయనం పేరు చెప్పండి.

చేతికి అందే జాగ్రత్తలు కొన్ని చెబుతాం, గుర్తుపెట్టుకోండి. ఎర్ర అంచు డైమండ్‌లో మంట బొమ్మ ఉంటే ఆ సీసా త్వరగా అంటుకునేది. ఆ రోజు పనికి కావలసినంతే బయటికి తీయండి, మూత వెంటనే పెట్టండి. ఇలాంటి ద్రవాన్ని బర్నర్‌మీద వేడి చేయవద్దు, మంట లేని వేడినీళ్ల తొట్టిలో పెట్టండి. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో దాచవద్దు, లోపలి స్విచ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. పెద్ద డ్రమ్మునుంచి ఇనుప డబ్బాలోకి పోసేటప్పుడు రెండింటినీ తీగతో కలిపి ఎర్తింగ్ ఇవ్వాలి, పారే ద్రవమే కరెంటు పుట్టించగలదు. నైలాన్ దుస్తులకంటే నూలు మేలు. సింకులో పారబోయవద్దు. నీళ్ల బాటిల్లో, కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి ఇంటికి తేవద్దు. ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు కిటికీలో నీళ్లబాటిల్ చూసి మేమే చెయ్యి చాపాం. అందులో ఉన్నది థిన్నర్. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించవద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మంట లేస్తే నీళ్లు పోయవద్దు. హెక్సేన్, టోలీన్ నీటిమీద తేలి మంటను ఇంకా దూరం మోస్తాయి. చిన్న గిన్నె అయితే మూత వేయండి, ఇసుక గానీ పొడి అగ్నిమాపక సిలిండర్ గానీ వాడండి. పెద్దదైతే అందరినీ తీసుకుని బయటికి వచ్చేయండి. ఒంటిమీది బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు, నేలమీద దొర్లండి. కాలినచోట 20 నిమిషాలు పారే చల్లని నీళ్లు పోయండి. ఇంకు, టూత్‌పేస్టు, దోసెపిండి పూయవద్దు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. కొన్నేళ్ల క్రితం మంటల్లో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఇంటికి వెళ్లాం. ఏం చెప్పాలో తెలియక "దేవుని చిత్తం అమ్మా" అన్నాం. ఆ తల్లి మా వైపు చూసి, "ఆ గదికి ఇంకో తలుపు ఉంటే బతికేవాడు అయ్యగారూ" అంది. మాకు జవాబు దొరకలేదు. ఇంకో తలుపు పెట్టనిది మనుషులు. ఆ నేరాన్ని మేము తెలియకుండానే దేవునిమీద మోపాం. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఇంటికి వెళ్లాక చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకుంటే పడి చచ్చినవాడి రక్తదోషం ఆ ఇంటిమీద ఉంటుంది. దేవుడు ఆ మాట పడేవాడితో చెప్పలేదు, కట్టేవాడితో చెప్పాడు. నిర్గమకాండము 21వ అధ్యాయం 29వ వచనంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. ఎద్దు పొడుస్తుందని ముందే తెలిసి కట్టేయని యజమానికి తప్పించుకునే దారి లేదు. ప్రమాదం జరిగిన మర్నాడే "పనివాడి నిర్లక్ష్యం" అనేవాళ్లు ఈ వచనాలకు ఏం జవాబు చెబుతారు?

మన దేశపు చట్టమూ ఈ దారికే వచ్చింది, అదీ మన ఊరి పేరుమీదే. పాలారులోకి తోళ్ల పరిశ్రమల మురుగు వదలడంపై వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముందుజాగ్రత్త సూత్రం, పాడుచేసినవాడే ఖర్చు భరించాలనే సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమని చెప్పింది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రసాయనాల ప్రమాదం గురించి పనివాళ్లకు తెలియజేయడం యజమాని విధి అన్నారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ సంగతి యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు పనివాళ్లకు ఇచ్చారు. 1989 నియమాలు ప్రమాదకర రసాయనానికి భద్రతా వివరాల పత్రం ఉండాలన్నాయి. కాబట్టి "ఇందులో ఏముంది సార్?" అని అడగడం ఎదురు మాట్లాడటం కాదు. అది మీ హక్కు.

ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం మాకు తెలుసు. అందుకే నలుగురు కలిసి అడగండి. సంఘపెద్దలుగా మేమూ మీ వెంట వస్తాం. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఇక్కడే కూర్చుందాం. మీరు వాడే డబ్బామీద రాసి ఉన్న పేరు ఒక కాగితంమీద రాసుకుని రండి. పేరు లేని డబ్బా అయితే "పేరు లేదు" అని రాయండి. మన మొదటి పని అక్కడే మొదలవుతుంది.