బ్యాంకాక్ వెళ్తున్నారా? టికెట్ కన్నా ముందు ఇది వినండి

మన త్రిపురాంతకం, మార్కాపురం వైపు నుంచి కూడా ఇప్పుడు బ్యాంకాక్ ట్రిప్పులు వేస్తున్నారు కదా, అందుకే ఈ ఎపిసోడ్.

ఒకటి. 2025 మే 1 నుంచి థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. పూర్తిగా ఫ్రీ. డబ్బులడిగిందంటే అది అసలు సైట్ కాదు. వేప్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, అక్కడ నేరం.

రెండు. గ్రాండ్ ప్యాలెస్‌కి మన గుడికి వెళ్లినట్టే వెళ్లండి, భుజాలు, మోకాళ్లు కప్పుకొని. బయట ఎవరైనా "ఈరోజు మూసేశారు, టుక్‌టుక్‌లో తిప్పుతా" అంటే నమ్మకండి. ఆ బండి చివరికి నగల షాపు ముందు ఆగుద్ది.

మూడు, అసలు విషయం. "డేటా ఎంట్రీ జాబ్, టికెట్ మేమే వేస్తాం, టూరిస్ట్‌గా వచ్చేయ్" అన్నారా? ఆగండి. అలా బ్యాంకాక్‌లో దిగినవాళ్లని దాదాపు 500 కిలోమీటర్లు కారులో మే సోట్ దాకా తీసుకెళ్లి, నది దాటించి, మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు 549 మందిని వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

అందుకే ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇంట్లోవాళ్లకి లైవ్ లొకేషన్ పెట్టండి. కారు సిటీ దాటుతోందని మ్యాప్‌లో కనిపిస్తే 1155కి కొట్టండి, టూరిస్ట్ పోలీస్.

మీ ఫ్రెండ్‌కి ఇలాంటి ఆఫర్ వచ్చిందా? లైక్ తర్వాత కొట్టొచ్చు, ముందు ఇది వాడికి పంపండి. ఉంటాను.