నెల తప్పిన తొలి వారము

పంచాయతీ సభ్యులారా,

జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నము వంటి మన తీరగ్రామములలో మూడవ మాసము నిండనిదే గర్భవార్త వెల్లడించరాదని తలచు కుటుంబములు కలవు. ఊరికి చెప్పకున్నను లోపము లేదు. కాని ఆ తల్లి మాత్రము ముందుగనే ఎఱుగవలెను. ఏలయన, శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము, సాధారణముగా నెల తప్పిన 2 వారములకే మూసికొనును. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు అంతకు ముందే అందవలెను. వైద్యుని అడుగక ఏ మందును మ్రింగరాదు.

పరీక్ష ఎప్పుడు చేసికొనవలెను? నెలసరి రావలసిన దినము దాటిన పిమ్మట. పిండము గర్భాశయమున నాటుకొన్న తరువాతనే హెచ్.సి.జి. అను హార్మోను మూత్రమున చేరును. కనుక తొందరపడినచో గర్భమున్నను లేనట్లే తోచవచ్చును. ఉదయపు తొలి మూత్రము శ్రేష్ఠము. రెండు గీతలు గర్భమునకు గుర్తు. ‘సి’ గీత ఒక్కటే కనిపించి, నెలసరియు రానిచో, వారము పిమ్మట మరల పరీక్షింపవలెను. కడుపులో తీవ్రమైన నొప్పి, రక్తస్రావము, సొమ్మసిల్లుట ఉన్నచో పరీక్షకై ఆగక ఆసుపత్రికి చేర్చవలెను.

ఆశా కార్యకర్తల ద్వారా ‘నిశ్చయ్’ అను పరీక్షా సాధనము ఉచితముగా అందజేయబడుచున్నది. గర్భము తేలిన పిదప 12 వారములలోపల పేరు నమోదు కావలెను.

ఇందు మీ కర్తవ్యములు రెండు: ఈ సాధనములు మీ గ్రామమున నిండుకొనకుండ విచారించుట, అడిగిన స్త్రీ పేరు రచ్చబండకు చేరకుండ కాపాడుట. గుట్టు నిలుచు ఊరిలోనే ఆడుబిడ్డ జంకు లేక సకాలమున అడుగగలదు.