ఆటలు లేని నెలలలో ముందు వరుస

నూజివీడు ప్రాంతంలో జ్యేష్ఠమాసం గడిచేసరికి మామిడి కోత ముగుస్తుంది. రసాలు, బంగినపల్లి కాయలు సంతకు తరలిపోతాయి. ఇక వచ్చే ఏటివరకు రైతుకు పని లేదని పట్టణవాసులు అనుకుంటారు. నిజానికి మరుసటి ఏటి కాపుకు పని అప్పుడే మొదలవుతుంది. ఎండుకొమ్మలను, ఒకదానిపై ఒకటి పడి వెలుతురును అడ్డగించే కొమ్మలను కోసివేయాలి. తొలకరి తడిలో ఎరువు వేయాలి. కార్తీకం నాటికి నీరు ఆపి చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. అప్పుడు తొందరపడి నీరు పెడితే పూత రావలసిన కొమ్మకు చిగురు వస్తుంది. పుష్యమాసంలో పూతను చూచి మెచ్చుకునేవారు పదిమంది ఉంటారు. శ్రావణంలో తోటలో తిరిగినవాని శ్రమ వారిలో ఎవరి కంటా పడదు.

ఫుట్‌బాల్ గురించి చెప్పబోతూ మామిడితోట ప్రస్తావన ఎందుకని శ్రోతలు అనుకోవచ్చును. ఈ రెండింటినీ నాకు ముడిపెట్టి చూపినవారు ఆ ప్రాంతపు డ్రిల్లు మాస్టారు ఒకరు. రెండేళ్ళ క్రిందట, కోత ముగిసిన రోజులలో, రైతులతో సంభాషణలు రికార్డు చేయడానికి నేను అక్కడికి వెళ్ళాను. ఆయన తమ పాఠశాల మైదానం ప్రక్కనే నన్ను నిలబెట్టి తన బాధ చెప్పుకున్నారు.

“మా జట్టులో ముందు వరుస మొత్తం పోయిందండీ. ఇద్దరు పదవ తరగతి ముగించుకొని వెళ్ళిపోయారు. సెంటర్ ఫార్వర్డ్ ఆడే కుర్రవాడు సెలవులలో తోటలకు కోత కూలికి పోయాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి బడి తెరిచినా రావడం లేదు. వెనుక ఆడేవాళ్ళు దిట్టంగానే ఉన్నారు. గోలు కొట్టేవాడే లేడు. వానలు తగ్గగానే పోటీలు వస్తాయి. పొరుగూరినుంచి ఇద్దరు ఆటగాళ్ళను తెచ్చుకొమ్మని అందరూ అంటున్నారు. మీరేమంటారు?”

నేను శిక్షకుడను కాను. కళాశాలలో చదివే రోజులలో లెఫ్ట్ అవుట్ స్థానంలో కొంతకాలం ఆడిన అనుభవం మాత్రమే ఉన్నది. కాని ఆయన ప్రశ్నకు సమాధానం వెతకడానికి మనం దూరదేశాలు పోనక్కరలేదు. హైదరాబాదులో బడిపంతులుగా జీవితం ఆరంభించిన ఒక వ్యక్తి ఆ సమాధానాన్ని ఆచరించి చూపారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన రహీం 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పును గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఆయన శిక్షణలోనే ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం పొందింది.

అంతటి జట్టుకు మరుసటి సంవత్సరమే గర్వభంగం జరిగింది. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మనపై పది గోల్స్ చేసింది. మనవారు చేసినది ఒక్కటి. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది పాదరక్షలు లేకుండా ఆడారు. అలాంటి ఓటమి తరువాత దురదృష్టాన్నో వాతావరణాన్నో నిందించి ఊరుకోవడం సులభం. రహీం జట్టును తిరిగి కట్టడానికి పూనుకున్నారు.

ముందు వరుసకు పట్టే మొదటి చీడ, బంతిని వదలలేకపోవడం. ఆ రోజులలో ముందు వరుసలో ఐదుగురు ఆడేవారు. రెండు అంచులలో ఇద్దరు, వారి లోపలి ప్రక్కన మరి ఇద్దరు, నడుమ సెంటర్ ఫార్వర్డ్. ఐదుగురిలో ప్రతివాడూ తానొక్కడే ముగ్గురిని తప్పించుకొని పోవాలని చూస్తే ప్రేక్షకులు చప్పట్లు కొడతారుగాని గోలు పడదు. ఈ అలవాటును మాన్పించడానికి రహీం హైదరాబాదులో డ్రిబ్లింగ్‌కు తావులేని పోటీలు ఏర్పాటు చేశారు. వాటిలో బంతి అందినవాడు దానిని వెంటనే తోటివానికి అందించవలసిందే. అలాగే చేతకాని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడ పెట్టారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నా ఆట గుర్తుకు వచ్చి సిగ్గు కలిగింది. ఎడమ అంచున ఆడుతూ కుడికాలితోనే బంతిని కొట్టేవాణ్ణి. ప్రతిసారీ ఆగి, బంతిని కుడివైపుకు తిప్పుకొనేసరికి ఎదుటివాడు వచ్చి పడేవాడు. నా ఎడమకాలిని ఎవరూ పనిలోకి దింపలేదు, నేనూ దింపుకోలేదు. పోటీల రోజులలో ఆ పని చేయడం సాధ్యం కాదు. ఓడిపోతామన్న భయం ఉన్నప్పుడు ఎవరైనా తెలిసిన కాలినే నమ్ముకుంటారు. తప్పులు చేసినా నష్టంలేని నెలలలోనే కొత్త కాలు నేర్చుకోవాలి.

రహీం చేసిన రెండవ పని వరుస అమరికను మార్చడం. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును ఆరు గోల్స్‌కు మూడు గోల్స్‌తో ఓడించి ప్రపంచాన్ని విస్మయపరచింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెకుటి గోలు ముందు కాచుకొని నిలబడక వెనుకకు జారి ఆడాడు. అతనిని కాయవలసినవాడు వెంట పోవాలా, ఉన్నచోటనే ఉండాలా తోచక తికమకపడ్డాడు. ఆ ఖాళీలోకి మిగిలినవారు చొచ్చుకుపోయారు. ఈ పద్ధతిలోని మర్మాన్ని గ్రహించి మన జట్టుకు అలవాటు చేసిన తొలి భారతీయ శిక్షకులలో రహీం ఒకరు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆస్ట్రేలియాను నాలుగు గోల్స్‌కు రెండు గోల్స్‌తో ఓడించింది. వాటిలో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడొకడు ఒకే ఆటలో మూడు గోల్స్ చేయడం అదే ప్రథమం. పది గోల్స్‌తో ఓడిన జట్టు నాలుగేళ్ళలో సెమీఫైనల్‌కు చేరింది.

ఆ జట్టులో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన ఇరవై ఏళ్ళ యువకుడు ఒకడున్నాడు. అతడే తులసీదాస్ బలరాం. పి.కె. బెనర్జీ కూడ ఆ జట్టులోనివాడే. తరువాత చునీ గోస్వామి వచ్చి చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు గెలవకపోయినా ఆట తేలికది కాదు. హంగరీకి ఒక గోలు తేడాతో ఓడింది; ఫ్రాన్సుతో సమానంగా నిలిచింది. హంగరీ మీద, పెరూ మీద మన గోలు చేసినవాడు బలరామే. అంటుమామిడి నాటిన మరునాడే కాయదు గదా! రహీం ఆ యువకులకు ఓటములలో కూడ కాలం ఇచ్చారు.

ఆ ఓపికకు ఫలం 1962లో జకార్తాలో లభించింది. ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో మనవారు ఓడిపోయారు. తరువాత థాయిలాండును, జపానును గెలిచారు. ఇంతలో వెనుక ఆడే జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని తీసివేయలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై అతడు ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో, మనపై కోపంతో ఉన్న వేలాది ప్రేక్షకుల కేకల నడుమ, దక్షిణ కొరియాపై బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు మరొక గోలు చేశారు. రెండుకు ఒకటిగా స్వర్ణపతకం మనదైనది.

దీనిని అదృష్టమనేవారు ఉన్నారు. కాని వెనుక ఆటగాణ్ణి ముందుకు పంపే సాహసం ఎప్పుడు ఫలించింది? అతని ప్రక్కన ఆడే బెనర్జీ, గోస్వామి, బలరాం ఒకరి అడుగు ఒకరికి తెలిసేటట్లు ఏళ్ళ తరబడి తయారై ఉన్నప్పుడు. మూడు కొమ్మలు బలంగా ఉంటేనే నాలుగవదానికి అంటు నిలుస్తుంది.

ఆ తరువాతి కథ సంతోషకరమైనది కాదు. జకార్తా విజయం తరువాత ఏడాదైనా తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సరుతో మరణించారు. బలరాం ఆ సంవత్సరమే అనారోగ్యంవల్ల ఆట విరమించాడు. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు రాలేదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో 1960 తరువాత మన పురుషుల జట్టు కనిపించలేదు. కాయలు లెక్కపెట్టుకుని మురిసినవారికి తోటను చూసుకునేవాడు లేడన్న సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఇదంతా నేను మాస్టారుకు చెప్పాను. ఆయన విని, “పొరుగూరి పిల్లలను తెస్తే ఈ ఏడు గెలుస్తామేమో. వచ్చే ఏడు మళ్ళీ ఇదే ఏడుపు గదండీ,” అన్నారు. మైదానం ప్రక్కనే కొత్తగా కొమ్మలు కోసిన తోటవైపు చూపి, “కోసినప్పుడు చెట్టు మోడులాగానే కనపడుతుంది. చూడలేక మానేస్తే వెలుతురు రాదు,” అని నవ్వారు. ఆ సాయంత్రమే ఆయన ఆ కుర్రవాని ఇంటికి వెళ్ళారట. వాడి తల్లితో, “అమ్మా, కోతలు అయిపోయినవి గదా, ఇక బిడ్డను నాకు అప్పగించు,” అని అడిగారట. తల్లి వెంటనే ఒప్పుకోలేదు. మూడుసార్లు తిరిగిన తరువాత కుర్రవాడు బడికి వచ్చాడు.

వర్షాలున్నంతకాలం మాస్టారు పోటీ ఆటలు పెట్టలేదు. బురద నేలమీద ఇద్దరిద్దరు చొప్పున దగ్గరి పాసులు ఆడించారు. వారానికి ఒకరోజు చేతకాని కాలితోనే ఆట. వెనుక ఆడేవారిలో చురుకైన ఒకణ్ణి అంచుకు మార్చారు. బంతి ప్రతిసారీ ఎక్కడ పోతున్నదో ఒక నోటుపుస్తకంలో గుర్తుపెట్టుకున్నారు. అది గోలు ముందు కాదు, మైదానం నడుమనే పోతున్నదని తేలింది. అందుచేత గోలు కొట్టడంలో నేర్పరియైన ఆ కుర్రవాణ్ణే ఒక అడుగు వెనుకకు దింపి, బంతి అందించే పని అప్పగించారు. వాడు కొన్నాళ్ళు అలిగాడట.

పోటీలైన తరువాత ఆయన నాకు ఫోను చేశారు. రెండవ ఆటలోనే ఓడిపోయారు. “అయితేనేమండీ, రెండు ఆటలలో మూడు గోల్స్ పడ్డాయి. మూడూ ముగ్గురు కొట్టారు. ముగ్గురికీ బంతి అందించినవాడు మావాడే,” అన్నారు. ఆ గొంతులో ఓటమి జాడ లేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇంకా తొమ్మిదవ తరగతే చదువుతున్నారని కూడ చెప్పారు.

ఈ సంవత్సరం కూడ కోతలు ముగిసినవి. మీ ఊరి పాఠశాల మైదానం ఈ వారం ఖాళీగా ఉంటే, దాని ప్రక్కన ఒక్క నిమిషం ఆగి చూడండి. అక్కడ ఎవరైనా ఒక మాస్టారు నలుగురు పిల్లలచేత ఎడమకాలితో బంతి తన్నిస్తూ కనిపిస్తే, వచ్చే ఏటి ఆట అక్కడ మొదలైనదని గ్రహించండి. తోటకు పోయి తిరిగిరాని కుర్రవాడు మీ వీధిలో ఉంటే, వాని ఇంటికి మాస్టారుతోపాటు మీరు కూడ ఒకసారి వెళ్ళిరండి.