ఉప్పు చాలని చేప



చేపను నిలవ చేయడం మన తీరంలో ఆడవాళ్ళ విద్య. పొట్ట చీల్చి, పేగులు తీసి, కడిగి, నాలుగు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు పట్టిస్తారు. ఉప్పు చేపలోని నీటిని లాగేస్తుంది. నీరు తగ్గితే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. ఆపైన ఇసుకలో కాక, ఎత్తైన తడికెలమీద ఎండబెట్టాలి.

మొన్న మా అమ్మాయి కాలేజీకి దీనిమీదే వ్యాసం రాయాల్సి వచ్చింది. చాట్‌జీపీటీని అడిగి చిటికెలో తెచ్చింది. భాష బంగారమే! కాని అందులో చెప్పిన పుస్తకం ఎక్కడ వెతికినా లేదు. యంత్రం కల్పించిందన్న మాట!

"ఎవరు చూస్తారులే అమ్మా" అంది.

"ఉప్పు చాలని చేపా పైకి బాగానే ఉంటుందే తల్లీ, ముల్లు దగ్గర కుళ్ళుతుంది" అన్నాను.

రేవుకెళ్ళి ఎండుచేపలవాళ్ళను అడిగి, తనే మళ్ళీ రాసింది. యంత్రంచేత అక్షరదోషాలు మాత్రం దిద్దించి, ఆ సంగతీ కింద రాసిపెట్టింది. మార్కులు కాస్త తగ్గాయి. తగ్గనివ్వండి, వ్యాసం తనది. సెలవు.