కుబ్లాయ్ ఖాన్ లిపి – మన బడి అక్షరం

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



చరిత్రపై ఒక ప్రసంగం చేయమని జూబిలీ సంఘం వారు నన్ను ఆదేశించినప్పుడు, పావగడ కోటను గురించి చెబుతానని చాలామంది భావించారు. నేను మాత్రం ఎక్కడో ఉత్తరాన, గడ్డి మైదానాలలో పుట్టిన ఒక మంగోలు చక్రవర్తిని ఎన్నుకొన్నాను. అందుకు కారణం మా బడి పిల్ల ఒకతె. చెంగిజ్ ఖాన్ దండయాత్రలను గురించి పాఠం చెబుతుండగా ఆమె లేచి నిలబడి, "ఇంత రాజ్యం ఏలినోళ్ళకి సదువొచ్చా మేడమ్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా దగ్గర తగిన సమాధానం లేదు. ఆ రాత్రి పుస్తకాలు తిరగవేయగా దొరికిన సమాధానమే ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట. 'ఖాన్' అనేది మతానికి సంబంధించిన పేరు కాదు. మంగోలు, తురుష్క జాతులలో పాలకునికి ఉన్న బిరుదు అది. చెంగిజ్ ఖాన్‌కు చదవడం, వ్రాయడం రాదు. మంగోలులకు అప్పటివరకు లిపి కూడా లేదు. 1204లో నైమాను తెగను జయించినప్పుడు పట్టుబడిన ఒక ఉయ్ఘుర్ లేఖకుని ఆయన శిక్షించలేదు. తన వంశపు పిల్లలకు అక్షరాలు నేర్పమని నియమించాడు. తనకు రాని విద్య తన వారికి రావాలని కోరుకోవడమే ఆ వీరుని గొప్ప విజయమని నాకు తోస్తుంది.

ఆయన మనుమడే కుబ్లాయ్. 1215లో జన్మించాడు. తండ్రి తొలూయ్ 1232లో మరణించగా తల్లి సోర్ఖఖ్తాని బేకి నలుగురు కుమారులను పెంచి పెద్దచేసింది. ఆమె తాను చదువుకొన్నది కాదు. అయినా కుబ్లాయ్‌కు గురువును పెట్టి మంగోలు చదువు చెప్పించింది. తన అధీనంలోని చైనా రైతుల పొలాలను దోచుకోక, వారిని పంటలు పండించుకోనిచ్చి పన్ను తీసుకోవడమే మేలని ఆమె గ్రహించింది. ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న తల్లులారా, వేలిముద్ర వేసి మీ పిల్లలను మా బడిలో చేర్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. సోర్ఖఖ్తాని మీ వంటి తల్లియే.

1260లో కుబ్లాయ్ మహాఖాన్ అయ్యాడు. తమ్ముడు అరిగ్ బోకే కూడా అదే పదవిని ప్రకటించుకోగా, నాలుగేండ్లు అన్నదమ్ముల యుద్ధం జరిగింది. 1271లో తన వంశానికి యువాన్ అని చైనా పేరు పెట్టాడు. నేటి బీజింగ్ ఉన్నచోట రాజధానిని నిర్మించాడు. 1279 నాటికి దక్షిణాన సుంగ్ వంశం పూర్తిగా అంతరించి, చైనా అంతా ఒకే పాలన క్రిందికి వచ్చింది.

ఆ కాలంలో మన తెలుగు నేలను రుద్రమదేవి పాలిస్తూ ఉన్నది. ఈ రెండు రాజ్యాల ముచ్చటనూ ఒకే గ్రంథంలో చెప్పిన యాత్రికుడు మార్కో పోలో. కుబ్లాయ్ కొలువులో పదిహేడేండ్లు ఉండి, సముద్రమార్గాన తిరిగి వెళుతూ మన మోటుపల్లి సీమను గురించి వ్రాశాడు. అక్కడి సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను, వజ్రాలను, న్యాయంగా ఏలిన ఒక రాణిని కొనియాడాడు. ఆమెను వితంతువైన రాణిగా పేర్కొన్నా, ఆ వర్ణన రుద్రమదేవిదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అంతకు పూర్వమే, 1244 ప్రాంతంలో, ఆమె తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే ఆచారాన్ని మాన్పి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. కనుక ఖాన్ కాలం మనకు పూర్తిగా పరాయిది కాదు.

కుబ్లాయ్ పాలనలో మెచ్చదగినవి ఎన్నో ఉన్నాయి. గుర్రాలు మార్చుకొంటూ సాగే తపాలా మజిలీలను విస్తరించాడు. మన ప్రాంతపు పట్టుపురుగుల రైతులకు బాగా తెలిసిన మల్బరీ చెట్టు బెరడుతో చేసిన కాగితంపై నోట్లు అచ్చువేయించాడు. రాజధాని చుట్టూ ఉన్న పొలాలను గుర్రాల మేతబీళ్ళుగా మార్చాలని పరివారం కోరినప్పుడు, రాణి చాబి అడ్డుపడి ఆ భూములను రైతులకే నిలిపిందని చైనా చరిత్ర చెబుతున్నది. 1270లో ఊళ్ళను సుమారు యాభై గడపల చొప్పున సంఘాలుగా ఏర్పరచి, చెట్లు నాటడం, కాలువలు చూసుకోవడం వంటి పనులతో పాటు ప్రతి సంఘానికి ఒక బడి ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. పొలం పనులు లేని రోజులలో రైతుల పిల్లలు అక్కడ చదువుకోవాలి. ఇరవై వేలకు పైగా బడులు వెలిశాయని అధికారులు లెక్క వ్రాశారు. ఆ లెక్కలను చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. కాగితం మీది బడికీ, గంట మ్రోగే బడికీ ఉన్న తేడా మా ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

అయితే చరిత్రను బోధించేవారు ఒక వైపే చూపరాదు. ప్రజలను నాలుగు అంతస్తులుగా విభజించి, మంగోలులను పైన, దక్షిణ చైనా వారిని అట్టడుగున నిలిపినది ఆ పాలనయే. బడులు పెట్టమన్న ఆ చక్రవర్తి, చదువుకొన్నవారికి కొలువులిచ్చే ప్రాచీన పరీక్షలను మాత్రం తిరిగి ప్రారంభించలేదు. అవి మళ్ళీ జరిగినది 1315లో. బడి తలుపు తెరిచి ఉద్యోగపు తలుపు మూసివేస్తే తల్లిదండ్రులు పిల్లలను ఎందుకు పంపుతారు? ఇక 1274, 1281 సంవత్సరాలలో జపాను మీదికి, 1293లో జావా మీదికి పంపిన నౌకాదళాలు వ్యర్థమయ్యాయి. ఖర్చుకు నోట్లు ఎక్కువగా అచ్చువేయగా వాటి విలువ పడిపోయింది. రాణి చాబి, యువరాజు జెన్‌జిన్ కన్నుమూసిన తరువాత దుఃఖంలో, మద్యంలో మునిగి, వ్యాధిగ్రస్తుడై 1294లో మరణించాడు.

ఇంతకూ నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఆయన లిపి. తన సామ్రాజ్యంలోని భాషలన్నీ ఒకే లిపిలో వ్రాయబడాలని ఆయన కోరిక. టిబెట్టు గురువు ఫగ్స్‌పా చేత కొత్త లిపి చేయించి, 1269లో ప్రకటించాడు. అది టిబెట్టు లిపి నుండి పుట్టినది. టిబెట్టు లిపికి మూలం మన బ్రాహ్మి. అనగా మన తెలుగు, కన్నడ లిపులకు అది దూరపు దాయాది. శాసనాల మీద, ముద్రల మీద, నోట్ల మీద అది వెలిసింది. కానీ చైనావారు తమ అక్షరాలనే వ్రాసుకొన్నారు. మంగోలులు సైతం ఆ పట్టుబడిన లేఖకుడు నేర్పిన పాత లిపినే ఎక్కువగా వాడుకొన్నారు. 1368లో యువాన్ పాలన చైనాలో ముగియగా ఆ లిపి కూడా క్రమంగా మరుగున పడింది. 1940లలో మంగోలియా ప్రభుత్వం రష్యన్ అక్షరాలను తెచ్చినప్పుడు అవి నిలిచాయి. ఎందుకు? వాటిని ప్రతి బడిలో ప్రతి బిడ్డకు నేర్పారు కనుక. లిపికి ప్రాణం పోసేది రాజముద్ర కాదు, పలక పట్టిన పిల్లవాని చేయి.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. తెలుగు మాధ్యమంలో ఇన్నేండ్లు బోధించిన నేను, నా కుమారుణ్ణి ఆంగ్ల మాధ్యమంలో చేర్పించాను. వాడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నాతో తెలుగే మాట్లాడతాడు. కానీ నేను తెలుగులో వ్రాసిన ఉత్తరాన్ని చదవలేడు. ఫోను చేసి, "అమ్మా, ఏం రాశావో చదివి చెప్పు" అంటాడు. ఆ తప్పు ఏ ప్రభుత్వానిదీ కాదు, నాది.

మనది కర్ణాటకలోని సరిహద్దు సీమ. మూడు వైపులా ఆంధ్రదేశమే. కన్నడం మన రాష్ట్ర భాష, అన్నం పెట్టే భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వాలి. ఆంగ్లమూ నేర్వాలి. ఈ బడిలో రెండింటినీ శ్రద్ధగా బోధిస్తున్నాము. నేను అడిగేది ఒక్కటే. ఇంట మాట్లాడే తెలుగును కంటితో గుర్తుపట్టే శక్తిని మీ పిల్లలకు దూరం చేయకండి. మా తరగతులలో సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. ఇక్కడ చేర్చలేని తల్లిదండ్రులు సాయంత్రం ఒక గంట పంపండి. నేను, నా సహోపాధ్యాయులు అక్షరాలు దిద్దిస్తాము, రుసుము అక్కరలేదు.

ఆ చిన్నారికి మరునాడే జవాబు చెప్పాను: "తాతకు చదువు రాదమ్మా, మనుమడికి వచ్చింది, మధ్యలో ఒక తల్లి ఉంది." ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే మాయమ్మకి నేను నేర్పిస్తా మేడమ్" అన్నది. మహాఖాన్ ఆజ్ఞ చేయలేని పని ఆ బిడ్డ చేయగలదు. డెబ్బయి అయిదేండ్లుగా ఈ బడి చేసినదీ అదే.